షజ్రాలో లేని పేర్లు

మా ఇంట్లో పూర్వీకులవి రెండు వస్తువులున్నాయి. ఒకటి షజ్రా. ఉర్దూలో చేతిరాతతో రాయించిన వంశవృక్షం. అద్దం బిగించి ముందరి గదిలో గోడకు తగిలించారు. రెండోది దూదేకే విల్లు. అది అటక మీద గోనెసంచుల కింద పడి ఉండేది. ఇంటికొచ్చిన చుట్టానికి షజ్రా చూపించేవాళ్లం. విల్లు చూపించేవాళ్లం కాదు. చిన్నప్పుడు అటకెక్కి 'అదేంది?' అని అడిగితే 'ఏందో పాత కట్టె, దిగు' అనేవాళ్లు. ఈ రెంటిలో ఏది మమ్మల్ని మా పెద్దలకు దగ్గర చేస్తుంది? ఇది మా ఒక్క ఇంటి గొడవే అయితే ఇక్కడ రాసేవాళ్లం కాదు. ముస్లిం ఇళ్లలో చాలాచోట్ల గోడ మీద ఒకటి, అటక మీద ఇంకొకటి ఉన్నాయి.

ముందు షజ్రా సంగతి చూద్దాం. షజ్రా అంటే చెట్టు. మాలో ఇవి రెండు రకాలు. ఒకటి నెత్తుటి వరస: కొడుకు, తండ్రి, తాత, ముత్తాత. రెండోది సూఫీల వరస: ఏ ముర్షిద్ నుంచి ఏ మురీదుకు బోధ అందిందో చెప్పే పట్టీ. ఈ రెండో దానికి నెత్తురుతో పనిలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నావన్నదే దానికి ముఖ్యం. మా గోడ మీదిది మొదటి రకం. హజ్రత్ అబూబకర్ సిద్దీఖ్ పేరుతో మొదలై, బాగ్దాదు, బీజాపూరుల మీదుగా ఆదోనికి దిగి, మా ముత్తాత దగ్గర ఆగుతుంది.

ఏ పుస్తకాన్నయినా విమర్శకులు చదివినట్టే దీన్నీ చదవాలని ఒక రోజు కూర్చున్నాం. పేర్లు లెక్కపెడితే 22. కాలం లెక్కపెడితే సుమారు పదమూడు వందల ఏళ్లు. అంటే తరానికి అరవై ఏళ్లు. ప్రతి తండ్రీ అరవయ్యో ఏటే కొడుకును కన్నాడని నమ్మాలి. బీజాపూర్ 1686లో ఔరంగజేబు వశమైంది. అప్పట్నుంచి మా ముత్తాత పుట్టేదాకా రెండొందల ఏళ్లకు మూడే మూడు పేర్లు. అడుగున కాతిబ్ వేసిన హిజ్రీ సంవత్సరం 1374. అంటే 1954-55. పదమూడు వందల ఏళ్ల చెట్టును నాటింది మా తాత కాలంలోనే అన్నమాట.

ఇంకో సంగతి. ఆ 22 మందిలో ఒక్కరి చేతిలోనూ విల్లు లేదు. ఆదోని పత్తికి పేరుపడ్డ ఊరు. మా ముత్తాత ఆ చుట్టుపక్కల పల్లెల్లో విల్లు భుజానేసుకుని ఇంటింటికీ తిరిగి దూదేకి, పరుపులు కుట్టి బతికినవాడు. ఊళ్లో ఆయన్ని పిలిచింది గూగూడు కుళ్లాయిస్వామి పేరుతో. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రంకు హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కే పీరు ఆయన. ఆ పేరు రెండు వైపులా పిల్లలకు పెట్టుకుంటారు. షజ్రాలో మాత్రం మా ముత్తాతకు పొడుగాటి అరబ్బీ పేరుంది. బతికున్నన్నాళ్లూ ఎవరూ ఆయన్ని ఆ పేరుతో పిలవలేదు. పిలిచినా పలికేవాడు కాదు.

అయితే మా తాత అబద్ధాలకోరా? అలా అనడం తేలిక. న్యాయం కాదు. ఆ ఇంట్లో మొదట బడికెళ్లింది ఆయన. కచేరీలో గుమాస్తాగిరీ దొరికింది ఆయనకు. అక్కడ హిందువులకు ఆయన తురకోడు. సాయబులకు దూదేకులోడు. తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా అనే సామెత ఆయన వినపడేట్టే అనేవాళ్లు. మసీదులో మొదటి వరసలో నిలబడితే ఎవరూ పక్కకు జరగమనరు. అది ఇస్లాం మాకిచ్చిన గొప్ప గౌరవం. దాన్ని తక్కువ చెయ్యం. కానీ నమాజు ముగిసి పిల్లనిచ్చే మాట వస్తే ఆ వరస కాస్తా విడిపోయేది. ఇంట్లో తెలుగు మాట్లాడతారని, పేర్లు సగం తెలుగు పేర్లని, మేం సగం సాయబులమని చెప్పుకునేవాళ్లు. ఆ మిగతా సగం పూరించడానికి మా తాత ఉర్దూ నేర్చాడు. పేరు ముందు షేక్ చేర్చాడు. షజ్రా రాయించాడు. జేజిని ఇకనుంచి 'దాదీమా' అని పిలవాలని పిల్లలకు హుకుం వేశాడు. మేం ఆయన ముందు దాదీమా అనేవాళ్లం, వెనక జేజీ అనేవాళ్లం.

ఇది మా తాతతో మొదలైంది కాదు. మొన్న నేతగాణ్ని, నిన్న షేక్‌ని, పంట ధర పలికితే రేపు సయ్యద్‌ని అనే అర్థంలో ఉత్తరాదిన పాత ఫార్సీ సామెతే ఉంది. నవ్వులాటగా చెప్పినా అందులో ఏడుపుంది. అరబ్బు, ఇరాన్, తుర్కీల నుంచి దిగినవాళ్లం అనేవాళ్లు అష్రాఫ్‌లు. ఇక్కడి చేతిపనులవాళ్లలోంచి ఇస్లాంలోకి వచ్చినవాళ్లు అజ్‌లాఫ్‌లు. తెగలూ జాతులూ ఒకరినొకరు గుర్తుపట్టడానికే, దేవుడి దగ్గర పెద్దరికం భక్తిని బట్టేనని ఖురాన్ 49వ సూరా 13వ ఆయత్ చెబుతుంది. ఆ ఆయత్ చదివే నోటితోనే 'మీ ఖాందాన్ ఏది?' అని అడుగుతారు. షజ్రాలన్నీ కల్పితాలని మేం అనడం లేదు. నిజంగా అరబ్బు దేశాల్నుంచి వచ్చి దక్కన్లో స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. వాళ్ల కాగితాలు వాళ్లకున్నాయి. మా తగాదా ఆ కాగితాలతో కాదు, అవి లేకపోతే మనిషి తక్కువవుతాడనే నమ్మకంతో.

ఇక్కడ మాకు 'ఏడుతరాలు' గుర్తొస్తుంది. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ను సహవాసి తెలుగు చేశారు. తెలుగులో దాన్ని చదివి కదిలిపోని పాఠకులు తక్కువ. మేం కాలేజీలో బి.ఏ. చదివేటప్పుడు అది చేతులు మారి మారి అట్ట ఊడిపోయింది. అందరం కుంటా కింటే కోసం ఏడ్చాం. ఏడ్చి ఇంటికొచ్చి గోడ మీది షజ్రాను చూసి గర్వపడ్డాం. ఆ రెంటికీ ఉన్న తేడా అప్పట్లో మాకు తట్టలేదు. హేలీ వెతుక్కుంటూ వెళ్లింది రాజు దగ్గరికి కాదు. గొలుసులతో ఓడలో వచ్చిన బానిస దగ్గరికి. అతని పేరును యజమానులు మార్చేస్తే, అసలు పేరును తవ్వి తీశాడు. మేం చేసింది తలకిందులు. కష్టజీవి అయిన ముత్తాతకు ఊరు పెట్టిన పేరుంటే, దాన్ని మేమే చెరిపి వేరే పేరు రాశాం. అక్కడ పేరు దోచింది యజమాని. ఇక్కడ ఆ పని మనవళ్ల కోసం కొడుకే చేశాడు.

హేలీ వంశావళిలోనూ లెక్కలు కుదరని చోట్లున్నాయని తర్వాత పరిశోధకులు చూపించారు. ఆయన చెప్పిన కొన్ని లంకెలకు దస్తావేజులు నిలబడలేదు. మరి మా తాతకూ ఆయనకూ తేడా ఏంటని అడగొచ్చు. తేడా ఉంది. కల్పన ఎవరి పక్షాన నిలబడింది అన్నదే తేడా. హేలీ పుస్తకం అవమానానికి గురైన పెద్దల్ని ముందరి గదిలోకి తెచ్చింది. మా షజ్రా వాళ్లను అటకెక్కించింది. ఇంకోటి కూడా ఉంది. హేలీకి ఆ కథ దొరికింది ఆడవాళ్ల నోట. అమ్మమ్మ, ఆమె తోటి ముసలమ్మలు వసారాలో కూర్చుని చెప్పుకునే మాటల్లో. మా షజ్రా 22 పేర్లలో ఒక్క ఆడమనిషి లేదు. పదమూడు వందల ఏళ్లు మగవాళ్లు మగవాళ్లనే కన్నట్టుంటుంది.

పత్రికల్లో ముస్లిం వారసత్వం మీద ప్రత్యేక సంచికలు వేసినప్పుడల్లా బొమ్మలు ఒకటే తీరు: నగిషీ పాన్‌దాన్, అత్తరుదాన్, షేర్వానీ. ఈ సంచికల్ని మేమూ తయారుచేశాం, కాబట్టి తప్పులో మాకూ వాటా ఉంది. పాన్‌దాన్ వట్టి సొగసు వస్తువేం కాదు. పెద్దింటి కోడళ్లకు సొంత ఖర్చుకని నిఖా నాడే రాసిచ్చే సొమ్మును 'ఖర్చ్-ఎ-పాన్‌దాన్' అనేవాళ్లు. నెలకు 500 రూపాయలు ఇస్తానన్న మామ మాట చెల్లుతుందని, కోడలు హుసేనీ బేగం పక్షాన 1910లో లండన్లోని ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. లా కాలేజీల్లో ఇప్పటికీ ఆ కేసు చదువుతారు. బాగానే ఉంది. కానీ మా జేజికి పాన్‌దాన్ లేదు. వక్కాకు సంచి ఉండేది. నడుముకు దోపుకున్న గుడ్డసంచి. అందులో ఆకు, వక్క, సున్నపు కాయ, చిల్లర పైసలు. ఆమె ఖర్చ్-ఎ-పాన్‌దాన్ అంతా అదే. ఆ సంచి ఏ ప్రత్యేక సంచికలోనూ బొమ్మగా రాదు.

జేజి మెడలో కాలీపోత్ లచ్ఛా ఉండేది. దక్కన్లో పెళ్లయిన ముస్లిం ఆడవాళ్లు వేసుకునే నల్లపూసల పేట. పక్కింటి రెడ్డెమ్మ మెడలోనూ నల్లపూసలే. అందులోని బంగారు గుండ్లు కరువు ఏడాది తాకట్టుకెళ్లి తిరిగి రాలేదు. పూసలు మిగిలాయి. అవి మా అమ్మకొచ్చాయి. ఆ పూసల కోసం అరబ్బు దేశం వెళ్లనక్కర్లేదు. అవి ఈ మట్టివి. అలాగని అవి 'నిజమైన' ముస్లింలవి కావని ఎవరనగలరు? చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ బీజాపూర్ సూఫీల మీద 1978లో వెలువరించిన పుస్తకంలో చక్కీనామా, చర్ఖానామాల గురించి రాశారు. ఇసుర్రాయి తిప్పుతూ, రాట్నం వడుకుతూ ఆడవాళ్లు పాడుకోవడానికి సూఫీలు దఖనీలో కట్టిన పాటలు అవి. సామాన్యుల ఇళ్లలోకి, పిల్లల చెవుల్లోకి అల్లా పేరు ఆ పాటల వెంట వెళ్లిందంటారాయన. ఆదోని ఒకప్పుడు ఆ బీజాపూర్ సుల్తానుల ఏలుబడిలోనిదే. మా ఇంటికి దీన్ ఎలా వచ్చిందో మాకు దస్తావేజు లేదు. కానీ గుర్రమెక్కి వచ్చిన షేక్ వెంట కన్నా, ఇసుర్రాయి దగ్గర కూర్చున్న ఏ అవ్వ గొంతు వెంటో వచ్చిందంటే మా మనసు ఒప్పుకుంటుంది. ఆ అవ్వ పేరు మాత్రం షజ్రాలో లేదు.

తెలుగు ముస్లిం సాహిత్యం ఈ విషయంలో ఏం చేసింది? ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. పుట్టకముందే మా మీద పడ్డ అనుమానాన్ని ఆ దీర్ఘకవిత నిలదీసింది. 1998లో 'జల్‌జలా' సంకలనంతో ఒక తరం గొంతు విప్పింది. ఈ దేశం మాది కూడా అని చెప్పడానికి మాకు మాటలిచ్చినవి అవే. ఆ బాకీ తీరేది కాదు. అయితే బయటివాళ్లతో మాట్లాడినంత గట్టిగా లోపలివాళ్లతో మాట్లాడామా అన్నది మమ్మల్ని మేం వేసుకోవాల్సిన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు మాకు ఒక పుస్తకం అట్ట మీదే దొరికింది. బుర్రకథ షేక్ నాజర్ జీవితకథ, అంగడాల వెంకట రమణమూర్తి అక్షరబద్ధం చేసినది. దాని పేరు 'పింజారి'.

నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. ప్రజానాట్యమండలిలో పనిచేశారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథల్ని ఊరూరా చెప్పారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. అంత పేరొచ్చిన మనిషి జీవితకథకు 'పద్మశ్రీ' అనో 'బుర్రకథ సార్వభౌమ' అనో పేరు పెట్టుకోవచ్చు. ఊళ్లో తిట్టుగా వాడే మాట అట్టకెక్కింది. మా తాత ఏ పేరును అటకెక్కించాడో నాజర్ ఆ పేరునే గోడకు తగిలించారు. ఆయన్ని మరో రకంగానూ తలుచుకోవాలి. బ్రహ్మనాయుడూ సీతారామరాజూ ఆయన రక్తసంబంధీకులు కారు. అయినా వాళ్ల కథకు ఆయన వారసుడయ్యాడు. ఆయన దగ్గర కథ నేర్చినవాళ్లు ఆయనకు వారసులయ్యారు. సూఫీల రెండో రకం షజ్రా అంటే ఇదే గదా.

ఇప్పుడు అసలు చిక్కుకొద్దాం. విల్లును అటక మీంచి దించగానే రెండు చేతులు దాని మీద పడతాయి. ఒకటి, 'చూశారా, మీ ముత్తాతలు మావాళ్లే, తిరిగొచ్చేయండి' అనేవాళ్లది. వాళ్లకు మా జవాబు ఇది. విల్లు మా పెద్దలు ఏం పని చేశారో చెబుతుంది. ఎవరి సొత్తో చెప్పదు. ఎప్పుడో ఒక మనిషి పక్కపక్కన నిలబడనిచ్చే వరసను చూసి అందులోకి నడిచాడు. ఆ నడక కూడా ఆయన మాకిచ్చిన ఆస్తే. విల్లును తీసుకుని నడకను పారేయమంటే కుదరదు.

రెండో చెయ్యి సర్కారుది. వెనకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా పేర్లు బీసీ-బిలో ఉన్నాయి. 2007 చట్టంతో బీసీ-ఇ ఏర్పడి, అందులో షేక్ చేరింది. సయ్యద్, మొగల్, పఠాన్ వంటి వాళ్లను బయట ఉంచారు. మా చిన్నాయన పిల్లల్లో ఒకడు షేక్‌గా బీసీ-ఇ, ఇంకొకడు దూదేకులగా బీసీ-బి సర్టిఫికెట్ తీసుకున్నారు. ఒకే తాత మనవళ్లు. ఒకడికి షజ్రా పనికొచ్చింది, ఇంకొకడికి విల్లు. వాళ్లను మేం తప్పుపట్టం. వెనకబాటు నిజం, రిజర్వేషన్ హక్కు. కానీ ఇన్నాళ్లు సిగ్గుపడి దాచినదాన్ని సర్టిఫికెట్ నాడు మాత్రం దించి, సీటు రాగానే మళ్లీ అటకెక్కిస్తే అది వారసత్వమవుతుందా?

సర్కారు అడిగే వంశవృక్షం ఎంత దూరం పోగలదో అస్సాంలో చూశాం. జాతీయ పౌర పట్టికలో చేరాలంటే 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందటి కాగితాల్లో తల్లిదండ్రుల పేర్లో తాతల పేర్లో ఉండాలి. కుటుంబ వృక్షం రాసిచ్చి, చుట్టాల వృక్షాలతో అది సరిపోవాలి. 2019 ఆగస్టు 31న వచ్చిన తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా చోటు దొరకలేదు. అందులో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. బడి మొహం చూడక, చిన్నప్పుడే పెళ్లై వేరే ఊరు పోయిన ఆడవాళ్లకు తండ్రితో లంకె చూపించే కాగితం గగనమైంది. పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన పత్రం చెల్లదని 2017లో గౌహతి హైకోర్టు అంటే, విచారించి ఒప్పుకోవచ్చని అదే ఏడాది సుప్రీంకోర్టు అనాల్సి వచ్చింది. మా షజ్రా ఎవరిని వదిలేసిందో, ఆ చెట్టులోనూ మొదట కొమ్మ దొరకనిది వాళ్లకే. ఈ మాట మా మగవాళ్లు గుండె మీద చెయ్యేసుకుని వినాలి.

కాబట్టి మా మాట సూటిగా చెబుతాం. ఈ దేశంలో మా హక్కు పూర్వీకుల వయసు మీద ఆధారపడకూడదు. పదమూడు వందల ఏళ్ల షజ్రా ఉన్నవాడికీ, తండ్రి పేరు కూడా తెలియని అనాథకూ ఒకే హక్కు. పూర్వీకుల్ని సాక్షులుగా బోనెక్కించడం మొదలుపెడితే వాళ్లతో మన బంధం పోతుంది, కేసు మిగులుతుంది. వాళ్లను తలుచుకోవాల్సింది పెద్దరికం కోసం కాదు, రుజువు కోసం కాదు. వాళ్ల బతుకు తెలుసుకోవడం కోసం.

జేజి పోయాక వక్కాకు సంచి అడుగున నాలుగు మడతల కాగితం దొరికింది. ఆమె నికానామా. ఇంట్లో ఎవరికీ చదవడం రాలేదు. తాత అంత కష్టపడి నేర్చిన ఉర్దూ ఒక తరానికే ఆగిపోయింది. మేం పత్రికాఫీసు ఉద్యోగం కోసం నేర్చుకున్న ఉర్దూతో దాన్ని చదివాం. జేజి పేరుంది. ఆమె తండ్రి పేరుంది. మెహర్ 125 రూపాయలు. సాక్షుల దగ్గర రెండు వేలిముద్రలు. షజ్రాలో లేని మనుషులు ఆ చిరిగిన కాగితంలో ఉన్నారు. జేజి తల్లి పేరు అందులోనూ లేదు. అది మేనత్తను అడిగితే దొరికింది. ఆ పైన ఆమెకూ తెలీదు.

పోయినేడు విల్లును దించాం. దాన్ని ఎన్నోసార్లు పొయ్యిలో పెట్టబోతే ఆపింది జేజే. 'కడుపు నింపిన కట్టెరా అది, కాలిస్తే కండ్లు పోతాయి' అనేది. తుడిచి, షజ్రా పక్కన మేకుకు తగిలించాం. మా నాయన ఒప్పుకోలేదు. 'ఇన్నాళ్లు దాచుకొని ఇప్పుడు గోడకెక్కిస్తారా? నలుగురిలో నవ్వులపాలైతాం' అన్నాడు. రెండు రోజులు ఆ గదిలోకి రాలేదు. మేం షజ్రాను తీసెయ్యలేదు. అది మా తాత పడ్డ అవమానానికి దస్తావేజు, ఉండనీ. దాని కింద తెలుగులో ఒక కాగితం అంటించాం. ఊరు పిలిచిన పేరుతో ముత్తాత, జేజి, జేజి తండ్రి, జేజి తల్లి. పేర్ల పక్కన వాళ్లు చేసిన పని. దూదేకడం, పరుపులు కుట్టడం, వడకడం, ఇసరడం. నాలుగు పేర్లే. కానీ ఈ నాలుగింటికీ లెక్క తప్పదు.

మీ ఇళ్లలోనూ సంచుల అడుగున, ట్రంకుపెట్టెల్లో ఇలాంటి కాగితాలుంటాయి. ఉర్దూ చదవగలిగే పెద్దలు ఉండగానే చదివించండి. ఆడవాళ్ల పేర్లు ముందు రాసుకోండి. మేనత్తల్ని, పిన్నమ్మల్ని అడగండి. అటక మీద ఏముందో ఒకసారి చూడండి. మా నాయన మూడో రోజు వచ్చి విల్లు ముందు నిలబడ్డాడు. దాని నరం ఎలా మోగుతుందో చిన్నప్పుడు విన్నానని మాత్రం అన్నాడు. ఆ మాట ఆయన నోట మేం వినడం అదే మొదలు.